గోడ మేకుకు తువాల

పోయిన నెల మా అపార్ట్‌మెంటు వెనకున్న బడి నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. దగ్గర్లో ఉండే పిల్లలు సైకిళ్ల మీదే బడికి రావాలని వాళ్లు నిర్ణయించారట. ఆ సైకిళ్లు పెట్టుకోవడానికి ఆవరణలో ఒక చోటు కట్టాలట. అది భద్రంగానూ ఉండాలి, అందంగానూ ఉండాలి. ఇరుగుపొరుగున ఉన్న రిటైర్డ్ ఆర్కిటెక్టుగా నేనొక నమూనా గీసిపెడితే సంతోషిస్తారట. ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల భవనాలు గీశాను. వాటిలో ఎక్కువ భాగం ఇంకా నిలబడే ఉన్నాయి. మా వృత్తిలో ఇంతకు మించి డప్పు కొట్టుకోవడం మర్యాద కాదు. ఇరవై అంతస్తుల అద్దాల మేడలు గీసిన రోజుల్లో కూడా నాకు కంటినిండా నిద్ర పట్టేది. ఈ సైకిళ్ల ఉత్తరం చదివిన రోజు మాత్రం మధ్యాహ్నం కునుకు కూడా పట్టలేదు. కారణం ఉంది. ఈ చుట్టుపక్కల సైకిళ్లకు భద్రత అనే సమస్యను మొదట తెచ్చిపెట్టినవాణ్ణి నేనే.

పాత స్కేళ్ల కోసం ఇనప ట్రంకు తెరిచాను. ఇప్పుడంతా కంప్యూటర్లోనే గీస్తారని తెలుసు, కానీ ఎనిమిది అంగుళాల ఇటుకను గీయడానికి మౌసును బతిమాలుకునే ఓపిక నాకు లేదు. స్కేళ్ల అడుగున, పాత పేపర్లో చుట్టి, ఒక తువాల ఉంది. ఒకప్పుడు తెల్లది, ఎర్రంచుది. మా ఆవిడ దాన్ని మూడుసార్లు గచ్చు తుడిచే గుడ్డల్లో వేసింది, మూడుసార్లూ నేను తీసి దాచాను. ఆ తర్వాత ఆమె దాని జోలికి రాలేదు, అదెవరిదని అడగనూ లేదు. చాలాకాలం కాపురం చేసినవాళ్ల మధ్య దీన్నే అన్యోన్యత అంటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కలరా ఉండల వాసన. దాని కింద ఎక్కడో టేకు పొట్టు వాసన కూడా ఉందని నాకనిపిస్తుంది. ఇంకెవరికీ అనిపించకపోవచ్చు.

మా ఇల్లు పుప్పాలగూడలో ఉండేది. ఉండేది అంటే, ఇప్పుడూ పుప్పాలగూడలోనే ఉన్నాను, కాకపోతే ఎనిమిదో అంతస్తులో. మా బర్రెల కొట్టం ఉన్న చోట ఇప్పుడు ఈతకొలను ఉంది. ఈ సౌకర్యం మా బర్రెలకు అప్పుడే కల్పించి ఉంటే చాలా సంతోషించేవి. ఆ ఇంట్లో పొద్దు అంటే వాసనలే. పిడకల పొగ, పచ్చిపాల వాసన, వాటి మధ్యలోంచి సన్నగా సైకిల్ గొలుసుకు పూసిన ఆముదం. నాయిన తెల్లారకముందే లేచి, పాలు పిండి, రెండు డబ్బాలు క్యారియర్‌కు చెరోపక్కన వేసుకుని పట్నం హోటళ్లకు పోయేవాడు. తిరిగొచ్చాక పాత ధోవతి ముక్కతో సైకిల్ చువ్వలు ఒక్కొక్కటే తుడిచేవాడు. ఆఖరి చువ్వ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాయనమ్మ శుక్రవారం శుక్రవారం బర్రెలకు బొట్టు పెట్టి, అదే చేత్తో సైకిల్ హ్యాండిల్‌కూ పెట్టేది. "ఇంట్ల పాలియ్యని జీవం ఇదొక్కటే, గని పాలన్ని దీని మీదనే పోతయి" అనేది. ఆ ఇంట్లో సైకిల్‌కు ఉన్న గౌరవం నాకు లేదు. ఉండాలని నేను అనుకోనూ లేదు, ఎందుకంటే నేనేమీ సంపాదించేవాణ్ణి కాను.

హైస్కూలు పక్క ఊళ్లో ఉండేది. పొద్దున నాయిన తిరిగొచ్చి చువ్వలు తుడిచాక సైకిల్ నా చేతికొచ్చేది. సాయంత్రం పాలకు మళ్లీ ఆయనకు కావాలి. ఒప్పందం చాలా స్పష్టంగా ఉండేది. "బడి ఇడిసిన అర్ధగంటల బండి ఇంటి ముంగట ఉండాలె. లేకుంటే బడి బంద్. మీ అన్నతోని బర్లెంబడి పో." నాయిన బెదిరించే మనిషి కాదు, అందుకే భయం. మా అన్నను ఆరో తరగతిలో ఇలాగే, గొంతు కూడా పెంచకుండా, బడి మాన్పించి బర్రెల వెంట పంపించాడు. అన్న సాయంత్రాలు నా లెక్కల పుస్తకం తీసి, బొమ్మలున్న పేజీలు మాత్రం చూసి, మళ్లీ సర్ది పెట్టేవాడు. నేను బడికి పోవడం అన్నది ఒక సైకిల్ టైం మీద నిలబడి ఉందని నాకు బాగా తెలుసు.

మా బడి సైకిల్ స్టాండు బాలమ్మది. కాగితాల మీద కాదు. కాగితాల ప్రకారం ఆమె పని బడి ఊడ్చడం, కుండల్లో నీళ్లు నింపడం, గంట కొట్టడం. స్టాండు ఆమె సొంతంగా చేసుకున్నది. గేటు పక్కన తాటాకు పందిరి వేయించి, కింద నేలలో ఇటుకలు జంటలుగా పాతింది. రెండు ఇటుకల మధ్య ముందు చక్రం పెడితే సైకిల్ కదలకుండా నిలబడేది. పండుగలకు ఆ ఇటుకలకు సున్నం వేసేది, పందిరి చుట్టూ బంతిమొక్కలు పెట్టింది. పందిరి మొదట్లో ఒక బండరాయి ఉండేది. పని లేనప్పుడు దాని మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ సైకిళ్లనూ గేటునూ ఒకే చూపుతో చూసేది. ముప్పై నలభై సైకిళ్లు, అన్నీ నల్లవే, ఒక్కదానికీ తాళం లేదు. ఏది ఎవరిదో ఆమెకు గంట చప్పుడును బట్టి తెలిసేది. తర్వాత కాలంలో నేను దేశదేశాల వాహనశాలల గురించి చదివాను. భద్రంగానూ అందంగానూ ఉన్నది ఇంకొకటి నాకు తగల్లేదు.

ఆమెకు ఒకటే చట్టం. "దూరపోళ్లు ముందుగాల పోవాలె." వట్టినాగులపల్లి, ఖానాపూర్ సైకిళ్లు గేటు పక్క వరసలో. ఆ తర్వాత గండిపేట, ఆ తర్వాత కోకాపేట. పుప్పాలగూడ అందరికంటే దగ్గర కనుక మా సైకిళ్లు గోడ వారన, ఆఖరి వరసలో. చాలా న్యాయమైన చట్టం. దాని వల్ల నష్టపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు వరసలన్నీ కదిలి, నవ్వుకుని, కొట్టుకుని, బయటపడేదాకా నా సైకిల్ బయటికి వచ్చేది కాదు. ఒకరోజు ఆలస్యమైంది. ఇంకోరోజు అయింది. నాయిన రెండోరోజు పాలడబ్బాలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక వేలు చూపించి, తర్వాత రెండో వేలు కూడా చూపించాడు. మూడో వేలు లేస్తే నేను మా అన్న పక్కన ఉంటాను.

అందుకని మర్నాటి నుంచి సైకిల్‌ను లోపలికి తేవడం మానేశాను. గేటు అవతల, ప్రహరీ గోడకు ఆనించి పెట్టేవాణ్ణి. గంట కొట్టగానే ఉరికి, ఎక్కి, దుమ్ము లేపుకుంటూ పోవచ్చు. మొదటిరోజే బాలమ్మ పట్టుకుంది.

"ఏం బిడ్డా, బండి బయట పెట్టినవ్?"

"జల్ది పోవాలె బాలమ్మా."

"లోపల పెడ్తే బండి నీది. బయట పెడ్తే ఊరందరిది. నీ ఇష్టం."

ఆమె అన్నదాంట్లో వేదాంతం లేదు, అది మా దగ్గరి వాడుక. అప్పట్లో మా ఊళ్లల్లో ఎవరికైనా ఆపద వచ్చి అప్పటికప్పుడు సైకిల్ కావాల్సి వస్తే, బయట గోడకు ఆనించి ఉన్నదాన్ని తీసుకుపోవచ్చు. అడగనక్కర్లేదు. కాకపోతే ఆ స్థానంలో తన తువాల వేలాడదీసి పోవాలి. తువాల ఉందంటే, తీసుకున్నవాడు దొంగ కాదు, ఊరి మనిషే, తెచ్చి ఇస్తాడు అని అర్థం. ఎవరి తువాల ఏదో అందరికీ తెలుసు. కొట్టంలోనో, స్టాండులోనో ఉన్న సైకిల్‌ను మాత్రం ఎంత ఆపదైనా ముట్టేవాళ్లు కాదు. అది ఒకరి కాపలాలో ఉన్నట్టు. ఈ వాడుక నాయినకు కూడా తెలుసు కనుకే, బయట పెట్టొద్దని నాకు మొదటిరోజే చెప్పాడు.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. ఐదోరోజు గంట కొట్టగానే ఉరికి గోడ వెనక్కి పోతే సైకిల్ లేదు. గోడకున్న మేకుకు ఎర్రంచు తువాల వేలాడుతోంది. దూరం నుంచే టేకు పొట్టు వాసన. వడ్ల మల్లయ్యది. మా ఊరి వడ్రంగే, నాకు బొంగరం చెక్కి ఇచ్చినవాడే. ఇప్పుడు ఎవరైనా, ఇందులో ఇబ్బంది ఏముంది, ఇంటికి పోయి మల్లయ్య మామ తీసుకుపోయాడని చెబితే అయిపోయేది కదా అనొచ్చు. అయిపోయేదే. నా చదువు కూడా అయిపోయేది. సైకిల్ బయట ఎందుకుంది అన్నది నాయిన అడిగే మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న ఉండదు. అక్కడ నిలబడి, ఆ తర్వాత ఇప్పటిదాకా నాకు ఇంకే ఆలోచనా రానంత వేగంగా ఆలోచించాను. సైకిల్ లోపల్నుంచే పోయిందంటే తప్పు నాది కాదు. చీకటి పడేలోపు మల్లయ్య ఎలాగూ తెచ్చి ఇక్కడే పెడతాడు. తెచ్చాక, దొరికిందంటే సరిపోతుంది. తువాల తీసి పుస్తకాల సంచిలో కుక్కుకున్నాను. తర్వాత ఏడుస్తూ లోపలికి పోయాను. ఏడుపు చాలా సహజంగా వచ్చింది, ఎందుకంటే అది నిజమైనదే. కారణం ఒక్కటే వేరు.

పెద్దసారు బయటికి వచ్చారు. మంచి మనిషి, కానీ ఏ విషయాన్నైనా పది నిమిషాల్లో తేల్చెయ్యాలనే మనిషి.

"ఎక్కడ పెట్టావురా?"

"లోపల్నే సార్. ఆఖరి వరసల."

"బాలమ్మా, నువ్వు చూశావా?"

బాలమ్మ బండరాయి మీంచి లేచి నా దగ్గరికి వచ్చింది. పెద్దసారు వైపు చూడలేదు, నా ముఖంలోకీ చూడలేదు, నా సంచి వైపు చూసింది. నేనూ చూశాను. సంచి మూత కింద నుంచి ఎర్రంచు వేలెడంత బయటికి వచ్చి ఉంది. ఆమె ఒక చేత్తో కొంగు తీసి నా కళ్లు తుడిచింది. రెండో చేత్తో, సంచి పట్టీ సర్దుతున్నట్టుగా, ఆ అంచును లోపలికి నెట్టింది.

"ఏడ్వకు బిడ్డా" అంది. ఆ తర్వాత పెద్దసారుతో, "నేను జూస్కోలే సారూ. నాదే తప్పు" అంది.

సైకిల్ దొరికేదాకా రావద్దన్నారు పెద్దసారు. ఆమె గంట కొట్టే సుత్తిని కిటికీలో పెట్టి, చీపురు గోడకు ఆనించి, చింతపండు కొంగులో మూట కట్టుకుని వెళ్లిపోయింది.

చీకటి పడ్డా మల్లయ్య రాలేదు. మర్నాడూ రాలేదు. నాయిన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, బడి స్టాండులోంచి పోతే పిల్లగాడు ఏం చేస్తాడన్నాడు. కావడి బద్ద దులిపి, రెండు డబ్బాలు కట్టుకుని, నడిచి పట్నం పోయాడు. సాయంత్రం పాలు మళ్లీ నడిచే. నేను బడికి నడిచి పోయినా అభ్యంతరం లేదన్నాడు. తిడితే బాగుండేదని నాకు జీవితంలో మొదటిసారి అనిపించింది. తిట్టే పని నాయనమ్మ తీసుకుంది, కానీ నన్ను కాదు. "ఆ బాలి కండ్లు ఏడ బెట్టుకున్నదో, దాని చేతులిరుగ" అని పొయ్యి ముందు కూర్చుని ఒక్కో పిడకకు ఒక్కో శాపం వేసేది.

మూడోరోజు మధ్యాహ్నం మల్లయ్య వచ్చాడు. పట్నం దవాఖానలో భార్యకు కాన్పు కష్టమైందని కబురొస్తే, చేతిలో ఉన్న ఉలి కింద పడేసి పోయాడట. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. సైకిల్‌ను తీసిన చోటే గోడకు ఆనించి, మేకు వైపు చూశాడు.

"నా తువాల ఏడ బోయింది?"

గోల విని పెద్దసారు వచ్చారు. సంగతంతా విని, "స్టాండులోంచి తీస్తావటయ్యా?" అన్నారు.

"అయ్యో, లోపలిది నేనెందుకు ముడ్త సారూ! గోడకుండె. తువాల ఏసే పోయిన. గాలికి లేసి పోయినట్టుంది."

"అంటే జాగా చాలక బాలమ్మే బయట పెట్టిందన్నమాట" అని తేల్చి, పెద్దసారు నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఊపానా, దించుకున్నానా అని చాలా ఏళ్లు నాలో నేనే వాదించుకున్నాను. ఫలితం ఒకటే కనుక ఆ వాదన ఇప్పుడు మానేశాను. తువాల అప్పుడు కూడా నా సంచిలోనే ఉంది. బొంగరం చెక్కి ఇచ్చిన మనిషి ఉత్త భుజంతో ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

బాలమ్మను మళ్లీ పిలిచారు. చీపురు, కుండలు, గంట ఇచ్చారు, స్టాండు మాత్రం ఇవ్వలేదు. పెద్దసారుది ముందుచూపు. ఇటుకలు పీకించి, ఒక పొడుగాటి ఇనప గొట్టం పాతించి, ప్రతి సైకిల్‌కూ గొలుసూ తాళమూ ఉండాలని నోటీసు పెట్టారు. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు పెట్టుకోవచ్చు. దగ్గరి ఊరివాణ్ణి కనుక నేనే ముందు వచ్చేవాణ్ణి. రోజూ గేటు పక్కనే పెట్టి, రోజూ టైముకు ఇల్లు చేరాను. వట్టినాగులపల్లి పిల్లలు వెనక వరసలో తాళాలతో కుస్తీ పట్టి ఆలస్యంగా పోయేవాళ్లు. బంతిమొక్కలు నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయాయి. అంటే, నేను కోరుకున్నదంతా జరిగింది.

ఒకరోజు నీళ్లకుండ దగ్గర ఎవరూ లేనప్పుడు "బాలమ్మా..." అన్నాను.

"ఊకో" అంది ఆమె, కుండ మీద మూత పెడుతూ. "నన్ను తీసేస్తే చీపురు ఇంకొకామె పడ్తది. నిన్ను తీసేస్తే నీ జాగల ఎవలొస్తరు? పో, గంట కొట్టాలె."

అలా చదువుకున్నాను. డిగ్రీ పట్టా మీద నా పేరొక్కటే ఉంది. అచ్చు తప్పు.

ఇక ఉత్తరం రాసిన ఇప్పటి బడి. కొలతలు తీసుకోవడానికి పోయినప్పుడు ప్రిన్సిపాల్ గారు దగ్గరుండి చూపించారు. కూకట్‌పల్లి నుంచి వస్తారు, మనసున్న ఆవిడ, పిల్లల గురించి నిజంగా పట్టించుకుంటారు. గాలికి ఊగినట్టుండే కప్పు కావాలన్నారు, గోడ మీద పిల్లలతో బొమ్మలు వేయిస్తామన్నారు, అన్నీ బాగున్నాయి. ఇక్కడి సైకిళ్లకు గేర్లున్నాయి. తాళాలకు అంకెలున్నాయి, ఆ అంకెలు పిల్లలు మరిచిపోతే వాళ్ల అమ్మల ఫోన్లలో ఉన్నాయి. మా సైకిల్ ఐదుగురిని పోషించేది, ఈ సైకిళ్లు పిల్లల కాళ్లకు కసరత్తు చేయిస్తాయి. ఇందులో ఫిర్యాదు ఏమీ లేదు. పోషించాల్సిన పని పిల్లలకూ సైకిళ్లకూ లేకపోవడం మంచి మార్పే.

గేటు దగ్గర స్వరూప అనే సెక్యూరిటీ ఆమె ఉంది. పాలమూరు వైపు మనిషి. పొద్దుటి నుంచి ఎండలో నిలబడే ఉంటుంది. సైకిళ్లు ఎలా వస్తాయి, ఎలా పోతాయి అని నేను ఎవరిని అడిగినా కంప్యూటర్ తెరిచారు. ఆమె మాత్రం నోటితోనే చెప్పింది.

"గేటు కాడ ఉండే అపార్ట్‌మెంటోళ్ల పిల్లలు ముందుగాల్నే ఉర్కొస్తరు సార్, మంచి జాగలన్ని వాళ్లయే. నార్సింగి నుంచొచ్చే పిల్లలు లాస్ట్‌కు పోతరు. జర ఉల్టా చేస్తే మంచిగుంటది."

నేను కొలతల కోసం సంచిలోంచి స్కేలు తీస్తుంటే తువాల కూడా బయటికి వచ్చింది. ఎందుకు తెచ్చానో అడగొద్దు, తెచ్చాను. గేటు స్తంభానికి ఉన్న మేకుకు తగిలించాను.

"ఎవల్ది సార్ గీ తువాల?"

ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. చెప్పాను. మల్లయ్య సంగతి, మేకు సంగతి, సంచిలోంచి కనిపించిన అంచు సంగతి, ఊపిన తల సంగతి. మా ఆవిడకు కూడా చెప్పనిది, పరిచయం కూడా సరిగా లేని మనిషికి, మిట్టమధ్యాహ్నం, గేటు దగ్గర నిలబడి చెప్పాను. ఆమె మధ్యలో రెండు బండ్లకు గేటు తీసి, వచ్చి, మళ్లీ విన్నది.

"మరి ఆమెకు చెప్పిన్రా సార్?"

"లేదు. నేను కాలేజీలో ఉండగా పోయింది."

"ఆమెకు ఎర్కనే కద. చెప్పేదేముంది?"

"ఎరికే. అందుకే చెప్పాల్సింది."

స్వరూప తువాల తీసి, దులిపి, మడిచి నా చేతికిచ్చింది.

నమూనా గీశాను. ఇటుకలు జంటలుగా, దూరంవాళ్లు గేటు పక్కన, చుట్టూ బంతిమొక్కలు. పందిరి మొదట్లో, సైకిళ్లూ గేటూ రెండూ కనిపించే చోట, నీడలో ఒక రాతి అరుగు. మీటింగులో అన్నిటికీ ఒప్పుకుని, అరుగు దగ్గర ఆగారు ప్రిన్సిపాల్ గారు.

"ఇక్కడ కూర్చునే చోటు ఎందుకండీ? నాలుగు కెమెరాలు పెడుతున్నాం కదా, అన్నీ చూస్తాయి."

"చూస్తాయండీ" అన్నాను. "చూసి కూడా చూడనట్టు ఊరుకోవాల్సిన రోజు ఒకటి వస్తుంది. అది వాటికి చేతకాదు."

ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు వాళ్లకు కూడా చెప్పాను, ఈసారి కొంచెం తక్కువ తడబాటుతో. అంతా విని ప్రిన్సిపాల్ గారు నమూనా తన వైపు తిప్పుకుని, "మన స్వరూప అక్కడ కూర్చుంటే మధ్యాహ్నం ఎండ పడుతుందేమోనండీ, కప్పు ఇంకో అడుగు ముందుకు లాగండి" అన్నారు.

లాగాను. నమూనాలో ప్రతి వస్తువు పక్కనా పేరు రాయడం మా వృత్తి ఆచారం. అరుగు పక్కన 'బాలమ్మ జాగ' అని రాశాను. నిన్న పని పట్టిన కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"సార్, అన్నీ దొరికినయండి. ఈ బాలమ్మ జాగ అన్నది ఏ కంపెనీదో తెలియట్లేదు. మార్కెట్లో ఎక్కడా లేదంటున్నారండి."

"పాతదండీ. ఇప్పుడు రావడం లేదు."

"మరెట్లా సార్? మనమే చేసుకోవాలా?"

"అవునండీ" అన్నాను. "మనమే చేసుకోవాలి."